వెనక్కి వేసిన అడుగు

మొన్న ఆదివారం పొద్దున మా మనవరాలు బడిలో ఇచ్చిన కాగితం ఒకటి టేబుల్ మీద పరుచుకుని పెన్సిల్ కొరుకుతూ కూర్చుంది. మా ఫ్లాటు చాంద్రాయణగుట్ట చౌరస్తాకు దగ్గర. కిటికీ తెరిస్తే ఫ్లైఓవర్ మీద బండ్ల మోత, మూస్తే లోపల ఉక్క. పిల్ల చదువుకుంటోంది కదా అని మూసే ఉంచాను.

కాగితం మీద ఒక చిన్న ఇంగ్లీషు కథ, దాని కింద గళ్ళు ఉన్నాయి. పాత్రలు ఒకరితో ఒకరు ఎలా మాట్లాడుకుంటున్నారో, ఎలా మసలుకుంటున్నారో చూసి ఆ కథ థీమ్ ఏమిటో రాయాలట. మా పిల్ల ఏమాత్రం ఆలోచించకుండా 'ఫ్రెండ్‌షిప్' అని రాసేసింది.

"కథ చదివినవా?" అన్నాను.

"చదివిన అమ్మమ్మా. ఒక గర్ల్ ఉంటది, వాళ్ళ అంకుల్ ఉంటడు."

"వాళ్ళిద్దరికి దోస్తీ ఉన్నదా మరి?"

"ఏమో. పోయినసారి వేరే కథకు ఫ్రెండ్‌షిప్ అని రాస్తే టిక్ పెట్టిన్రు. ఏ కథకైనా సెట్ అయితది అది."

నాకు నవ్వొచ్చింది. ఈ జబ్బు నాకు కొత్తది కాదు. మా చిన్నప్పుడు దీన్నే నీతి అనేవాళ్ళు. పెన్సిల్ పక్కన పెట్టించి పిల్లను లేపాను.

"నువ్వు ఈ టైలు మీద నిలవడు. నేను గా టైలు మీద నిలవడుత. నువ్వు ఆ పిల్లవు, నేను మీ అంకుల్‌ను. నీ మాట చెప్పు. చెప్పినంక ముందుకు రావాల్నో, వెనక్కి పోవాల్నో నీకే తెలుస్తది."

పిల్లకు ఇది ఆటలా తోచింది. కథలోని మాట ఒకటి చెప్పి, నా వైపే చూస్తూ, నవ్వుతూ, ఒక అడుగు వెనక్కి వేసింది. అంతే. కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఏమైందని పిల్ల అడిగితే ఏం కాలేదన్నాను గానీ, ఇన్నేళ్ళ తర్వాత కూడా నా వైపు చూస్తూ ఎవరైనా వెనక్కి అడుగు వేస్తే నాకు భయమేస్తుంది.

మేమప్పుడు బహదూర్‌పురాలో ఉండేవాళ్ళం, జూపార్కు గోడకు కొంచెం ఇవతల. తెల్లవారకముందే సింహం అరిచేది. అది అరవగానే మా బాపమ్మ, "లేవుండ్రి, నల్లా వచ్చే యాళ్లయింది" అని అందర్నీ లేపేది. సింహానికీ మున్సిపాలిటీ నీళ్ళకూ మధ్య ఏం ఒప్పందం ఉందో తెలియదు గానీ చాలాసార్లు ఆమె మాట నిజమయ్యేది. నేను మాత్రం ఆ అరుపుకు దుప్పటి తల మీదికి లాక్కుని, ఇవాళ గోడ దూకి వచ్చేస్తుందేమోనని వణికేదాన్ని. అందుకే బాపమ్మ నన్ను ఫికర్ల మూట అని పిలిచేది. బాపు డ్యూటీ నుంచి రావడం కొంచెం ఆలస్యమైతే ఫికర్, వాన పడితే ఫికర్, పడకపోతే ఫికర్.

ఒకటే పెద్ద గేటు. లోపల షాబాదు బండలు పరిచిన వాకిలి, దాని చుట్టూ కిరాయి ఇళ్ళు. ఒకవైపు మేము, మాకు ఎదురుగా ఖాలా వాళ్ళు. ఆమె నాకు రక్తసంబంధంతో ఏమీ కాదు. అందరూ ఖాలా, అంటే పిన్ని, అంటారు కాబట్టి నేనూ ఖాలా అన్నాను. ఆమె భర్త గాజుల దుకాణంలో పనిచేసేవాడు. పొద్దున పది గంటల వేళ ఖాలా ఇంట్లోంచి షాజీరా, లవంగాల తాలింపు వాసన, మా ఇంట్లోంచి పచ్చిపులుసు కోసం కాల్చిన మిరపకాయల వాసన బయల్దేరి వాకిలి మధ్యలో కలుసుకునేవి. అక్కడ నిలబడితే కళ్ళలో నీళ్ళు, నోట్లో నీళ్ళు ఒకేసారి ఊరేవి.

బాపు బస్ డిపోలో మెకానిక్. ఎంత సబ్బు రుద్దినా ఆయన చేతుల్లోంచి డీజిల్ వాసన పోయేది కాదు. జీతం వచ్చినప్పుడల్లా నన్ను ఉస్మాన్‌గంజ్ తీసుకెళ్ళేవాడు. మిర్చి, చింతపండు, బెల్లం అక్కడ టోకున కొంటే అగ్గువ. దుకాణాల ముందు మిర్చి బస్తాలు కుమ్మరిస్తుంటే నేను తుమ్మి తుమ్మి ఏడ్చేదాన్ని. దుకాణం సేటు నవ్వి, "లే బేటీ" అంటూ బెల్లం ముక్క చేతిలో పెట్టేవాడు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో మిర్చి సంచీ నా కాళ్ళ మధ్య, నేను బాపు మోకాళ్ళ మధ్య. ఆ మిరపకాయలను అమ్మ వాకిట్లోనే రోట్లో దంచేది. దంచినంతసేపూ వాకిలంతా దగ్గేది.

మా బడి తెలుగు మీడియం సర్కారు బడి. అక్కడా నేల మీద షాబాదు బండలే. మాకు మొదట్లో ఒక ముసలి సారు పాఠం చెప్పేవారు. కథ చదివించి, బోర్డు మీద 'నీతి' అని రాసి, కింద గీత గీసేవారు. ఐకమత్యం మీద ఒకటి, అత్యాశ మీద ఒకటి, అబద్ధం మీద ఒకటి. ఈ మూడూ నోటికొస్తే చాలు, ఏ కథకైనా ఏదో ఒకటి అతుక్కునేది. కథ వినకుండా కిటికీలోంచి గాలిపటాలు చూస్తూ కూర్చున్నా మార్కులు పడేవి.

ఆ సారు పోయాక ఒక టీచరమ్మ వచ్చింది. కోస్తా నుంచి. ఆమె భర్తకు ఇక్కడ ఏదో ఆఫీసులో ఉద్యోగమట. ఇస్త్రీ చేసిన నేత చీర, జడలో చిన్న మల్లెచెండు. ఆమె "కూర్చోండర్రా" అంటే మేము ముందు నవ్వి, తర్వాత కూసునేవాళ్ళం. మా మాటకు ఆమె ఒక్కసారి కూడా నవ్వలేదు. అది నాకు అప్పుడు తట్టలేదు.

ఆమె మొదటి రోజే ఒక కథ చెప్పింది. అన్న దగ్గర సైకిల్ ఉంది. తమ్ముడికి దూరాన పరీక్ష ఉంది. తమ్ముడు అన్న ఇంటికి వచ్చాడు. ఆ అన్నగా నా బెంచీ దోస్తును, తమ్ముడిగా నన్ను నిలబెట్టింది, మధ్యలో కొన్ని బండలు ఖాళీ వదిలి.

"ఒక్కో మాట నేను చెప్తాను, మీరు అనండి. అన్నాక, ఆ మనిషి మనసు ఎటు పోతే అటు ఒక బండ జరగండి. ముందుకైనా సరే, వెనక్కైనా సరే. నన్ను అడగొద్దు."

"అన్నా, అన్నం తిన్నావా?" అని నేను ఒక బండ ముందుకు జరిగాను. "తిన్నాను, నువ్వు తిన్నావా?" అంది నా దోస్తు, జరగకుండా. "ఎండ ఎక్కువగా ఉంది కదన్నా." "అవును తమ్ముడూ, జాగ్రత్తగా వెళ్ళు." ఆ మాట వినగానే నా కాళ్ళు వాటంతటవే వెనక్కి వెళ్ళాయి. దాని కాళ్ళు కూడా. కథ అయిపోయేసరికి ఇద్దరం చెరొక గోడ దగ్గర ఉన్నాం.

"ఈ మాటల్లో ఒక్క చెడ్డ మాట ఉందా?" అని అడిగింది టీచరమ్మ.

"లేదు టీచర్."

"మరి ఇంత దూరం ఎందుకు పోయారు?"

"వాడు అడగలే, నేను ఇయ్యలే టీచర్," అంది నా దోస్తు.

"అయితే ఈ కథ దేని గురించి?"

వెనక బెంచీ నుంచి ఒకడు "సైకిల్" అన్నాడు. అందరూ ఘొల్లుమన్నారు. నాకు ఎక్కడినుంచి ధైర్యం వచ్చిందో, "అడగనీకి భయం గురించి టీచర్" అన్నాను. క్లాసులో నా వంతు రాకుండానే నేను చెప్పిన మొదటి జవాబు అది. భయం గురించి కాబట్టి నాకు తెలిసి ఉంటుంది.

"ఆఁ, అదీ!" అంది ఆమె. "కథ లోపలి సంగతి ఎవరి మాటల్లోనూ ఉండదమ్మా. మీ ఇద్దరి మధ్య ఖాళీగా ఉన్నాయే ఈ బండలు, వీటి మీద ఉంటుంది. అది చూడటం నేర్చుకోండి."

నేర్చుకున్నాం, పిచ్చి పట్టినట్టు. నేనూ నా దోస్తూ బడి నుంచి వస్తూ గల్లీలో అందరి కాళ్ళూ చూసేవాళ్ళం. చాయ్ హోటల్ ముందు ఇద్దరు మనుషులు మాట్లాడుకుంటుంటే, వీళ్ళు దగ్గరవుతారా, దూరమవుతారా అని చింతగింజలు పందెం కాసేవాళ్ళం. ఒకసారి ఒక ముసలాయన మమ్మల్ని చూసి, "క్యా దేఖ్ రహే రే?" అని కర్ర ఎత్తితే పరుగు లంకించుకున్నాం. మా బాపమ్మా కూరగాయల ఆమే ప్రతిరోజూ వంకాయల దగ్గర లొల్లి పెట్టుకునేవాళ్ళు. ఒక్కో తిట్టుకు ఒక్కో అడుగు ముందుకు పడేది. తలలు తగిలేదాకా వచ్చి, చివరికి బాపమ్మ ఆమెకు చెంబుడు అంబలి ఇచ్చి పంపేది. నల్లా దగ్గర బిందెల కోసం బాపమ్మకూ ఖాలాకూ అయ్యే లొల్లి కూడా అంతే. అది ముగిసిన కాసేపటికే ఒక గిన్నె ఇటు నుంచి అటు, ఇంకో గిన్నె అటు నుంచి ఇటు దాటేవి. మర్నాడు టీచరమ్మకు చెప్పాను, లొల్లి పెట్టుకునేటోళ్ళు దగ్గరికి వస్తున్నారని. ఆమె చాలా సంబరపడింది.

అట్లా ఊరందరి కాళ్ళూ చూసి చూసి, ఒకరోజు అమ్మ కాళ్ళు చూశాను.

అమ్మ నాకు గడప మీద కూర్చుని, నా తల తన మోకాళ్ళ మధ్య ఇరికించుకుని జడ వేసేది. తల ఇటూ అటూ తిప్పితే దువ్వెనతో ఒకటి పడేది. కొన్నాళ్ళుగా జడ బాపమ్మే వేస్తోంది. అడిగితే, "మీ అమ్మకు చేతులు నొస్తున్నయి" అంది. అమ్మ పడక కూడా సామాన్లు పెట్టుకునే చిన్న అర్రలోకి మారింది. ఆమె స్టీలు గ్లాసుకు ఎర్ర దారం కట్టి ఉంది. ఆమె పళ్ళెం గూట్లో వేరేగా ఉంది. బాపు రోజూ గుడ్లు, పాలు తెస్తున్నాడు, ఒక్క అమ్మకే. మా ఇంట్లో గుడ్లు తెస్తే అందరికీ కలిపి పులుసు పెట్టుకోవడమే తెలుసు నాకు. ఒక్కరి కోసం గుడ్డు ఉడకడం నేనెన్నడూ చూడలేదు.

అమ్మ దగ్గేది. మిర్చి దంచే ఇంట్లో దగ్గనిది ఎవరు? నేను దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. టీచరమ్మ మాటలు వినమంది, అడుగులు చూడమంది. దగ్గు మాట కాదు కదా.

ఒకరోజు ఆ దారం గ్లాసులో ఏం విశేషముందో చూద్దామని నీళ్ళు పోసుకుని నోటి దాకా తెచ్చాను. బాపమ్మ ఎక్కడినుంచి చూసిందో, వచ్చి చేతి మీద ఒక్కటిచ్చింది. గ్లాసు ఎగిరి బండల మీద దొర్లింది. నేను ఏడుపు అందుకున్నాను. అమ్మ అర్ర గుమ్మంలోనే నిలబడి ఉంది. వేరే రోజైతే ఒక్క ఉరుకున వచ్చి నన్ను ఎత్తుకుని బాపమ్మతో తగువు పడేది. ఆరోజు నన్ను చూసింది, గ్లాసును చూసింది, చూసి ఒక అడుగు వెనక్కి అర్రలోకి వేసింది.

తర్వాత ఒక తెల్లవారుజామున, సింహం అరిచి నల్లా ఇంకా రానప్పుడు, బాపు బాపమ్మతో మెల్లగా అంటున్నాడు.

"ఇగ పంపియ్యాలె అమ్మా. గీడ పెట్టుకుంటే పిల్లకు మంచిగుండదు."

"మరి పిల్లకు ఏం చెప్తవురా?"

"వాళ్ళ అమ్మమ్మ ఊరికి పోయిందని చెప్పు. ఇంకేం చెప్పకు. వాడకట్టుల తెలిస్తే ఇల్లు ఖాళీ చెయ్యమంటరు."

దుప్పటి కింద అంతా విన్నాను. మా గల్లీ చివరింట్లో ఒకామెను అట్లాగే పుట్టింటికి పంపించారు. మళ్ళీ రాలేదు. ఆమె మొగుడు ఇంకొకామెను తెచ్చుకున్నాడు. ఆమె కొడుకు సాయంత్రాలు గల్లీ మలుపులో నిలబడి బస్సులు దిగేవాళ్ళను చూస్తుండేవాడు. నేనూ అట్లాగే నిలబడాలన్నమాట. అన్నిటికన్నా నన్ను కాల్చిన సంగతి వేరే ఉంది. బాపు పంపిస్తే పంపించవచ్చు, అమ్మకు కూడా నేనంటే ఇష్టం పోయిందా? ఇష్టం పోయినవాళ్ళే కదా వెనక్కి అడుగులు వేసేది.

ఆ సంగతి తేల్చుకోకుండా ఉండలేకపోయాను. బాపమ్మ రేషన్‌కు పోయిన ఒక మధ్యాహ్నం అమ్మ వాకిట్లో ఎండలో పీట వేసుకుని నా గౌను చిరుగు కుడుతోంది. నేను మా గడప దగ్గర బండ మీద నిలబడ్డాను.

"అమ్మా." ఒక బండ ముందుకు.

"ఏంది బిడ్డా?"

"నాకు జడ ఏస్తవా?" ఇంకో బండ.

అమ్మ గౌను పక్కన పెట్టి లేచింది. "బాపమ్మ వచ్చి ఏస్తది." ఒక బండ వెనక్కి.

"నువ్వే ఎయ్యి."

"ఆడ్నే నిలవడు బిడ్డా. దగ్గరికి రాకు."

నేను ఆగలేదు. నేను ముందుకు, అమ్మ వెనక్కి. అమ్మ వీపు గోడకు తగిలింది. ఇంక వెళ్ళడానికి ఏమీ లేదు. ఒక చేత్తో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, రెండో చెయ్యి నా వైపు చాపి, "రాకంటే ఇనవా!" అని అరిచింది. మా అమ్మ గొంతు అంత పెద్దగా ఉంటుందని నాకు ఆరోజే తెలిసింది. అరిచిన వెంటనే దగ్గు తెర వచ్చి గోడ పట్టుకుని వంగిపోయింది.

ఖాలా పరుగెత్తుకొచ్చి నన్ను చంకన వేసుకుని వాళ్ళింట్లోకి తీసుకెళ్ళింది. "నక్కో రో బేటీ, నక్కో రో" అని ఏడవొద్దంటూ నా ముఖం తన ఓణీతో తుడిచింది. డబ్బాలోంచి ఎండు ఖుబానీ పళ్ళు తీసి ఇచ్చింది. నాకు వాటి గింజలు పగలగొట్టి లోపలి పప్పు తినడం ప్రాణం. ఆరోజు పిడికిట్లో పట్టుకుని కూర్చున్నాను.

"ఖాలా, అమ్మకు నేను ఒద్దా?"

ఖాలా అటు తిరిగింది. "తోబా, గట్ల అనొద్దు బిడ్డా. అమ్మ కదా" అంది. అంతకన్నా ఏమీ చెప్పలేదు. బాపు ఆమె దగ్గర మాట తీసుకున్నాడని తర్వాత తెలిసింది. అంతా తెలిసి కూడా ఖాలా ఆ నెలల్లో ఒక్కరోజు మా గడప తొక్కడం మానలేదు.

ఆ వారమే టీచరమ్మ మమ్మల్ని సొంతంగా ఒక కథ అల్లుకుని రమ్మంది. ఇద్దరు మనుషులే ఉండాలి, అడుగులతో ఆడి చూపించాలి, మిగతా పిల్లలు లోపలి సంగతి కనిపెట్టాలి. నా వంతు వచ్చింది. నాకు వేరే కథ ఏదీ తోచలేదు. "ఒక అమ్మ, ఒక బిడ్డ" అన్నాను. నా దోస్తు అమ్మ, నేను బిడ్డ. జడ వెయ్యమని నేను ముందుకు వెళ్తే, అది విసురుగా తిరిగి బండ తర్వాత బండ దాటుకుంటూ పోయి గోడ దగ్గర ఆగింది.

క్లాసంతా చేతులెత్తింది. అంత తొందరగా ఏ కథా వాళ్ళకు అర్థం కాలేదు. "ఆ అమ్మకు ఆ బిడ్డ ఒద్దు టీచర్! గదే సంగతి!" అని అందరూ ఒక్కసారే అరిచారు. సరైన జవాబు దొరికిందని వాళ్ళ ముఖాలు వెలిగిపోతున్నాయి. నేను అనుకున్నదే నిజమన్నమాట. క్లాసంతా చెప్పింది.

టీచరమ్మ వాళ్ళ వైపు చూడలేదు, నా వైపు చూసింది. "ఉండండర్రా," అంది. "ఏమ్మా, నీ కథలో అమ్మ ఇలాగే వెళ్ళిందా? అటు తిరిగి?"

"కాదు టీచర్. బిడ్డ దిక్కు చూసుకుంటనే పోయింది."

"అయితే మళ్ళీ చెయ్యండి. సరిగ్గా ఎలా జరిగిందో అలా."

ఈసారి నా దోస్తు నా వైపే చూస్తూ, కాళ్ళతో వెనక తడుముకుంటూ పోయింది. బెంచీ కోణం తగిలి "అబ్బా" అంది. ఎవరూ నవ్వలేదు.

"చేతులెక్కడున్నాయి? నోరెలా ఉంది?"

"కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది టీచర్."

"ఇంకా?"

"దగ్గుతది. కానీ అది మాట కాదు కదా టీచర్, అందుకే చెప్పలే."

ఆమె చేతిలోని సుద్దముక్క బల్ల మీద పెట్టింది. "మాటేనమ్మా," అంది, "నీకు చెప్పకపోవడం నాదే పొరపాటు. అడుగులు చూడమన్నాను, ముఖం చూడమనలేదు. వెళ్ళిపోవాలనుకునే మనిషి వీపు చూపిస్తుంది. ముఖం చూపిస్తూ వెనక్కి వెళ్ళే మనిషి ఎందుకు వెళ్తోందో, అది కనుక్కోండి. అప్పుడు చెప్పండి ఈ కథ దేని గురించో."

"ఎవరన్న గుంజుతున్నరేమో," అన్నాడొకడు. "అలిగిందేమో," అన్నాడింకొకడు. నా దోస్తు గోడ దగ్గరే నిలబడి ఆలోచిస్తోంది. అది మెల్లగా అంది, "మా తమ్మునికి అమ్మవారు పోసినప్పుడు మా అమ్మ నన్ను గిట్లనే రానియ్యలే టీచర్. దగ్గరికి వస్తే అంటుకుంటదని. ఈ అమ్మ కూడా బిడ్డ కోసమే పోతున్నదేమో."

ఇది కథ కాదని పిల్లలకు ఎప్పుడు తెలిసిందో నాకు తెలియదు. ముందు బెంచీలో ఒక పిల్ల తన పలకను నా దగ్గర నుంచి మెల్లగా తన వైపు లాక్కుంది. ఇంకో పిల్ల కాళ్ళు పైకి ముడుచుకుంది. నేను అన్నీ చూశాను, చూడటం నేర్చుకున్నదాన్ని కదా. నా చుట్టూ బండలు ఖాళీ అవుతున్నాయి.

అప్పుడు టీచరమ్మ నడిచి వచ్చి నా బండ మీదే, నా పక్కన నిలబడింది. ఇద్దరం నిలబడటానికి ఆ బండ ఇరుకు. ఆమె చీర కుచ్చిళ్ళు నా కాళ్ళ మీద పడ్డాయి. నా తల మీద చెయ్యి పెట్టి, క్లాసు వైపు చూస్తూ, "కథ చాలా బాగా చెప్పింది" అంది. గంట కొట్టేదాకా కదలలేదు. నా దోస్తు కూడా గోడ దగ్గర నుంచి వచ్చి మా బెంచీలో తన చోట్లోనే కూర్చుంది.

ఇంటికి నడుస్తుంటే ఒక భయం పోయిందనీ, దాని చోట్లోకి ఇంకా పెద్దది వచ్చిందనీ తెలిసింది. అమ్మకు నేను కావాలి. కానీ అమ్మకు జబ్బు. మొదటి భయంలో నేను ఒక్కదాన్నే ఉన్నాను. రెండో దాంట్లో అమ్మ కూడా ఉంది, ఎదురుగా, నా వైపే చూస్తూ. దానికి నాకు ఏడుపుతో పాటు కొంచెం ధైర్యం కూడా వచ్చింది.

అమ్మ వెళ్ళే రోజు పొద్దున రిక్షా గేటు దగ్గర ఆగింది. బాపు రేకు పెట్టె పట్టుకున్నాడు. ఖాలా రొట్టెలు గుడ్డలో కట్టి ఇచ్చింది. ఊరవతల ఛాతీ దవాఖానాకు పోతున్నారని ఎవరూ అనలేదు. "మీ అమ్మ అమ్మమ్మ ఊరికి పోతున్నది, ఏడ్వొద్దు" అంది బాపమ్మ. సరేనన్నాను. నేను ఉరుకుతానేమోనని ఆమె నా భుజం గట్టిగా పట్టుకుంది.

అమ్మ అర్రలోంచి బయటికి వచ్చి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, దూరంగా నిలబడింది. "మంచిగుండు బిడ్డా. బాపమ్మను సతాయించకు" అంది. కొంగు వెనక నుంచి ఆ మాట సగమే వినిపించింది. ఆమె కాళ్ళు చూశాను. నేను ముందుకు కదిలితే వెనక్కి పోవడానికి సిద్ధంగా ఉన్నాయి.

నేను బాపమ్మ చెయ్యి వదిలించుకున్నాను. వదిలించుకుని ఒక బండ వెనక్కి వేశాను. ఇంకొకటి. అమ్మ వైపే చూస్తూ, నా వీపు ఖాలా ఇంటి గోడకు తగిలేదాకా వెళ్ళాను. బాపు, "గదేంది, కోపమొచ్చిందా దానికి?" అన్నాడు. నాకు కోపం లేదు. అమ్మ నన్ను చూసింది, మా మధ్య ఉన్న వాకిలంతా చూసింది. అప్పుడు, చాలా మెల్లగా, కొంగు దించింది.

ఎన్నాళ్ళకు చూశానో ఆ ముఖం మొత్తంగా. చెంపలు లోపలికి పోయాయి. అయినా నవ్వింది. నవ్వి, నా వైపే చూస్తూ, గేటు దాకా వెనక్కి నడుచుకుంటూ పోయి, రిక్షాకు తట్టుకుని ఆగింది.

తర్వాతి నెలలు ఎట్లా గడిచాయో నాకు సరిగ్గా గుర్తులేదు. ఖాలా నాకు తన వాసన నూనె పెట్టి జడ వేసేది. బాపు దవాఖానా నుంచి వచ్చినప్పుడల్లా ఆయన ముఖం చూసి, చెప్పని మాట ఏమన్నా ఉందేమోనని వెతికేదాన్ని. బడిలో ఆడే ప్రతి కథలో ఎవరైనా చచ్చిపోతారేమోనని భయపడేదాన్ని. టీచరమ్మ అది కనిపెట్టిందేమో, ఆ రోజుల్లో ఆమె చెప్పిన ఏ కథలోనూ ఎవరూ చనిపోలేదు.

వానలు వెనకబట్టాక ఒక సాయంత్రం గేటు చప్పుడైంది. బాపు, వెనకే అమ్మ. చెంపలు నిండాయి. నోటికి కొంగు లేదు. నేను ఇంట్లోంచి ఉరికొచ్చి మా గడప ముందు బండ మీద టక్కున ఆగిపోయాను. కాళ్ళు ముందుకు పడలేదు. పడొచ్చని వాటికి ఎవరూ చెప్పలేదు. అమ్మ వాకిలి మధ్యలో నిలబడి రెండు చేతులూ చాపింది.

"ఇగ చాలు బిడ్డా. దగ్గరికి రా."

ఆ వాకిలి ఇప్పుడు లేదు. అక్కడ ఏదో గోదాము వచ్చింది. ఖాలా వాళ్ళు ఎటు పోయారో, టీచరమ్మ ఏ ఊరికి బదిలీ అయిందో తెలియదు. అమ్మ ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికింది, నా పిల్లలకు కూడా జడలు వేసింది. సింహం ఇంకా అరుస్తూనే ఉంటుంది. ఈ ఫ్లాటుకు వినపడదు.

ఇదంతా మనవరాలికి కొంచెం కొంచెంగా చెప్పాను. అది విన్నంతసేపు విని, రబ్బరు తీసుకుని 'ఫ్రెండ్‌షిప్' తుడిచేసింది. మళ్ళీ కథ చదివింది. ఈసారి వేలు పెట్టి.

"అమ్మమ్మా, ఈ అంకుల్ ప్రతిసారి డోర్ కాడ్నే ఆగుతడు. గిఫ్ట్ తెస్తడు కానీ లోపలికి రాడు. ఎందుకు?"

"నాకేం ఎరుక? నువ్వే చూడు."

లేచి వెళ్ళి గుమ్మం దగ్గర, ఆ అంకుల్ నిలబడిన చోట నిలబడింది. అక్కడినుంచి నా వైపు చూసింది. ముఖంలో నవ్వు లేదు, ఆట లేదు. నిజంగానే ఎవరో లోపలికి రాలేని మనిషిలా చూస్తోంది. మా మధ్య హాలంతా ఖాళీ. పిల్ల తన పాఠం తను నేర్చుకుంటోంది, ఇంకాసేపు ఉండనివ్వాలి. నాకు తెలుసు. కానీ నా వల్ల కాలేదు.

"ఇగ చాలు బిడ్డా," అన్నాను. "దగ్గరికి రా."